అవతల ఫోన్ పెట్టేశారని ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్‌ని టెలిఫోన్ ఎక్స్ఛేంజిగా మార్చాలనుకునే వాళ్ళందరూ మొదట ఇరుక్కునేది రెండు మాటల దగ్గర: ఎఫ్ఎక్స్ఎస్, ఎఫ్ఎక్స్ఓ. గోడలోంచి వచ్చే టెలిఫోన్ లైన్‌ని ఎఫ్ఎక్స్ఓ పోర్టులో పెట్టాలి. బల్ల మీది మామూలు ఫోన్‌ని ఎఫ్ఎక్స్ఎస్ పోర్టులో పెట్టాలి. మొదటిది ఎక్స్ఛేంజి ముందు తనే ఒక ఫోన్‌లా నటిస్తుంది. రెండోది ఫోన్ ముందు తనే ఎక్స్ఛేంజిలా నటిస్తుంది. డయల్ టోన్ ఇస్తుంది, గంట మోగిస్తుంది. ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. తీరా కాన్ఫిగరేషన్ ఫైలు తెరిస్తే ఎఫ్ఎక్స్ఓ పోర్టు పక్కన ఎఫ్ఎక్స్ఎస్ అనీ, ఎఫ్ఎక్స్ఎస్ పోర్టు పక్కన ఎఫ్ఎక్స్ఓ అనీ రాయాలి. అక్కడ అడుగుతున్నది నువ్వెవరని కాదు, ఎవరితో ఏ భాషలో మాట్లాడతావని. ఇది ఒంటబట్టడానికి నాకు వారం పట్టింది. ఒంటబట్టాక మాత్రం, ఈ కార్డుల పని మొత్తం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉందనిపించింది.

2008 చివర్లో హైదరాబాద్‌లో, ఆడవాళ్ళ కోసం నడిచే ఒక చిన్న హెల్ప్‌లైన్‌కి ఫోన్ సిస్టం పెట్టే పని నాకొచ్చింది. నా ఉద్యోగం వేరే, ఇది శనాదివారాల పని. అక్కడ నాలుగు లైన్లు, నాలుగు ఫోన్లు, నాలుగు వేర్వేరు నంబర్లు. ఒక నంబరు ఎంగేజ్ అయితే ఇంకో నంబరు తిప్పాలి. ఇంట్లో మొగుడు స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో ఫోన్ చేసే మనిషి నాలుగు నంబర్లు ఎక్కడ గుర్తుపెట్టుకుంటుంది? ఒకే నంబరు ఉండాలి, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకి వెళ్ళాలి, అందరూ మాటల్లో ఉంటే కాసేపు ఆగమని చెప్పాలి. బజారులో అమ్మే ఈపీఏబీఎక్స్ పెట్టెల్లో ఇవన్నీ దొరుకుతాయి, కాకపోతే ఒక్కోదానికీ విడిగా డబ్బు కట్టాలి. ఆస్టరిస్క్ అయితే ఊరికే వస్తుంది. పాత డెస్క్‌టాప్ ఒకటి, లినక్స్, ఆ పైన ఒక కార్డు ఉంటే చాలు.

ఆ సాఫ్ట్‌వేర్ పుట్టిందే ఇలాంటి లేమిలో. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు లినక్స్ సపోర్ట్ కంపెనీ పెట్టుకుని, ఫోన్ సిస్టం కొనే స్తోమత లేక తనే ఒకటి రాసుకున్నాడు. కానీ సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉంటే టెలిఫోన్ తీగ లోపలికి రాదు. ఆ తలుపు తీసింది జిమ్ డిక్సన్. అంతకుముందు టెలిఫోన్ కార్డుల మీద ఖరీదైన సిగ్నల్ ప్రాసెసర్లు ఉండేవి. మామూలు పీసీ ప్రాసెసర్‌కే ఇప్పుడు ఆ బలం వచ్చేసింది, లెక్కలన్నీ దానికే వదిలేసి కార్డుని చవకగా చేయొచ్చని ఆయన వాదించాడు. చేసి చూపించాడు, డిజైన్‌ని అందరికీ ఇచ్చేశాడు. ఆ ప్రాజెక్టుకి మెక్సికో విప్లవకారుడు ఎమిలియానో జపాటా పేరు పెట్టుకున్నాడు. డ్రైవర్‌కి జాప్టెల్ అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. ట్రేడ్‌మార్క్ గొడవతో అది 2008లో దాహ్డీ అయింది. నేను పని మొదలుపెట్టేనాటికి సగం పుస్తకాల్లో పాత పేరు, సగం పుస్తకాల్లో కొత్త పేరు.

నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, మోడెం చిప్‌తో చేసిన ఒంటి పోర్టు కార్డులు నాలుగు. రెండు, నాలుగు పోర్టుల అనలాగ్ కార్డు ఒకటి. మూడు, అనలాగ్ లైన్లు మానేసి ఈ1 తీసుకుని, దానికి డిజిటల్ కార్డు పెట్టడం.

మొదటిది అందరికంటే చవక. సికింద్రాబాద్ సీటీసీలో పాత మోడెంలు అమ్మే షాపుల్లో వెతికితే దొరికే సరుకే అది. కాకపోతే ఈ కార్డులకి ఒక గుణం ఉంది. ప్రతి కార్డూ సెకనుకి వెయ్యిసార్లు ప్రాసెసర్‌ని భుజం తట్టి పిలుస్తుంది. టెలిఫోన్ గొంతుని సెకనుకి 8000 ముక్కలుగా కొలుస్తారు కదా, పిలిచినప్పుడల్లా ఎనిమిది ముక్కలు చేతిలో పెడుతుందన్నమాట. ఆ క్షణానికి ప్రాసెసర్ హార్డ్ డిస్క్ పనిలో ఉండి పలకకపోతే ఆ ముక్కలు పోయినట్టే. వినేవాళ్ళకి చెవిలో టిక్కుమంటుంది. ఇలాంటివి నాలుగు ఒకే పాత మదర్‌బోర్డులో గుచ్చితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఏడుస్తూ మాట్లాడే మనిషి మాటే అరకొరగా తెలుస్తుంది. అందులో మళ్ళీ మనం ముక్కలు పోగొట్టడం దేనికని ఆ దారి వదిలేశాను.

రెండోది బుద్ధిగా కనిపించింది. లైన్లు ఎలాగూ నాలుగే, కార్డుకీ నాలుగే పోర్టులు. లైన్ వైపు పెట్టేవి ఎర్ర మాడ్యూళ్ళు, ఫోన్ వైపు పెట్టేవి పచ్చ మాడ్యూళ్ళు. పచ్చవాటికి హార్డ్ డిస్క్‌కి పెట్టే నాలుగు పిన్నుల పవర్ కూడా పెట్టాలి, ఎందుకంటే గంట మోగించే కరెంటు అవే ఇవ్వాలి. మాకు నాలుగూ ఎర్రవే చాలు, బల్లల మీద ఐపీ ఫోన్లు పెట్టాలనుకున్నాం. ప్రతిధ్వని బాధ ఒకటుంది. వచ్చే గొంతు, పోయే గొంతు రెండూ ఒకే జత తీగల మీద నడుస్తాయి కాబట్టి, వాటిని విడదీసే చోట కొంత గొంతు వెనక్కి కారుతుంది. మామూలు ఫోన్లో అది తెలియదు. ఐపీ ఫోన్లో మాట కాస్త ఆలస్యంగా నడుస్తుంది కనక మన మాట మనకే వెనక్కి వచ్చి తగులుతుంది. దానికీ మందుంది. డేవిడ్ రో అనే ఆస్ట్రేలియా ఇంజనీరు ఓస్లెక్ అని ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్ రాసి పెట్టాడు. డబ్బుంటే కార్డు మీదే ఆ పని చేసే చిప్ కొనుక్కోవచ్చు.

ఒక స్నేహితుడి దగ్గర నాలుగు పోర్టుల కార్డు అరువు తెచ్చి, రెండు లైన్లు కలిపి వారంరోజులు పరీక్షగా నడిపాం. అసలు సంగతి అప్పుడు బయటపడింది. అవతలివాళ్ళు ఫోన్ పెట్టేసినా మా కంప్యూటర్‌కి తెలియడం లేదు.

మనకి తెలుస్తుంది, ఎందుకంటే మనం వింటాం. 'హలో, హలో' అంటాం, టూ టూ టూ అని వస్తుంది, పెట్టేస్తాం. తీగకి మాత్రం 'ఆవిడ పెట్టేసింది' అని చెప్పే మాటేదీ లేదు. కొన్ని ఎక్స్ఛేంజీలు అవతల పెట్టేయగానే లైన్‌లో వోల్టేజీని ఒక్క క్షణం తీసేస్తాయి. కార్డు దాన్ని పసిగట్టి లైన్ వదిలేస్తుంది. మా లైన్లలో ఆ క్షణం రాలేదు. క్యూలో ఆగి, విసుగొచ్చి ఎవరైనా పెట్టేస్తే, కంప్యూటర్ ఆ ఖాళీ లైన్‌కే సంగీతం వినిపిస్తూ కూర్చునేది. ఉన్నవి నాలుగు లైన్లు. అందులో రెండు ఇలా దయ్యాలకి సంగీతం వినిపిస్తుంటే, బయటినుంచి చేసేవాళ్ళకి ఎంగేజ్.

దీనికి సాఫ్ట్‌వేర్‌లో రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, ఆ టూ టూ శబ్దాన్ని కంప్యూటర్‌నే వినమనడం. మన దేశంలో ఎంగేజ్ టోన్ 400 హెర్ట్జ్‌ల శబ్దం, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. ఎన్నిసార్లు వింటే నమ్మాలో మనమే చెప్పాలి. మామూలుగా 3 అని ఉంటుంది, 6 గానీ 8 గానీ పెడితే మేలని ఆ ఫైలులోనే సలహా రాసి ఉంటుంది. మూడంటే నాలుగున్నర సెకన్లు, ఎనిమిదంటే పన్నెండు సెకన్లు. తక్కువ పెడితే లైన్ త్వరగా ఖాళీ అవుతుంది గానీ, మనిషి గొంతునే టోన్ అనుకుని మధ్యలో కట్ చేసే ప్రమాదం పెరుగుతుంది. మాట కంటే, లయగా వచ్చే శబ్దానికి అది ఎక్కువ మోసపోతుంది. వెక్కిళ్ళకి ఒక లయ ఉంటుంది. నేను భయపడింది దానికే.

రెండో ఉపాయం, కొంతసేపు ఏ శబ్దమూ లేకపోతే కట్ చేయడం. ఇరవై సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే అవతల మనిషి లేనట్టే కదా అని నాకు సలహా ఇచ్చిన మిత్రుడు అన్నాడు. వాళ్ళ ఆఫీసులో అలాగే పెట్టారట, హాయిగా నడుస్తోందట.

హెల్ప్‌లైన్‌లో పదిహేనేళ్ళుగా ఫోన్లు ఎత్తుతున్న ఒకావిడ ఉండేవారు. మేమంతా అక్కా అనేవాళ్ళం. ఈ సంగతి చెప్తే ఆవిడ చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి, "బాబూ, మాకు వచ్చే ఫోన్లలో మొదటి నిమిషం ఎవరూ మాట్లాడరు తెలుసా?" అన్నారు. చేస్తారు, మేం హలో అంటాం, అవతల ఊపిరి కూడా వినపడదు. మేం ఉన్నామమ్మా, తొందరేం లేదు, అని మధ్యమధ్యలో చెప్తూ ఉంటాం. కొందరు మాట్లాడతారు. కొందరు పెట్టేసి, మర్నాడు మళ్ళీ చేసి మాట్లాడతారు. పక్కగదిలో ఎవరో ఉన్నారని ఫోన్ దిండు కింద పెట్టేవాళ్ళూ ఉంటారు. "ఇరవై సెకన్లకి మీ మిషను పెట్టేస్తే, ఆ పిల్ల ఏమనుకుంటుంది? వీళ్ళు కూడా పెట్టేశారు అనుకుంటుంది."

ఆ 'కూడా' అన్న మాటకి నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి మూడో దారి. ఈ1లో రెండు జతల తీగల మీద 32 గడులు నడుస్తాయి. ముప్పై గడుల్లో మనుషుల గొంతులు. ఒకటి అన్నిటినీ వరసలో ఉంచడానికి. ఇంకొకటి, పదహారోది, మాటలు మోయదు. ఎవరు పిలుస్తున్నారు, ఎత్తారా, పెట్టేశారా అని రెండు వైపులా చెప్పుకోవడానికే అది. అవతల ఫోన్ పెట్టేయగానే ఆ గడిలో ఒక సందేశం వస్తుంది, కారణం అంకెతో సహా. 16 అంటే మామూలుగా పెట్టేశారు, 17 అంటే ఎంగేజ్. ఇక శబ్దాన్ని చూసి ఊహించక్కర్లేదు. అవతల నిశ్శబ్దంగా ఉంటే నిశ్శబ్దంగా ఉన్నట్టే, పోతే పోయినట్టే. ఎంతసేపు ఆగాలన్నది మనుషుల చేతుల్లో ఉంటుంది.

కమిటీలో లెక్కలు చూసేవారు ఒప్పుకోలేదు. నాలుగు కుర్చీలకి ముప్పై చానెళ్ళు ఎందుకండీ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కార్డు ఒకసారి కొంటే అయిపోతుంది, లైన్ అద్దె నెలనెలా కట్టాలి. నేను కాగితం మీద రెండు నిలువు వరసలు గీశాను. ఒకదాంట్లో నెల అద్దెల తేడా. రెండోదాంట్లో, పరీక్ష జరిగిన వారంలో ఎన్ని గంటలు లైన్లు ఖాళీగా ఉండీ ఎంగేజ్ చూపించాయో లాగ్‌లోంచి తీసిన లెక్క. ఆయన రెండో వరసని చాలాసేపు చూశారు. కొత్త ఏసీ కొనే ఆలోచన ఆ ఏడాదికి మానేద్దాం అన్నారు. ఒక్క పోర్టు ఉన్న ఈ1 కార్డు కొన్నాం. అయిదో మనిషికి ఎంగేజ్ వినపడడం ఆగిపోయింది, 'కాసేపు ఆగండి' అని అక్క గొంతే వినపడుతుంది.

అయితే ఆ పదహారో గడి ఇంకోటి కూడా మోసుకొచ్చింది. ఫోన్ చేస్తున్నవాళ్ళ నంబరు. అనలాగ్ లైన్‌లో కాలర్ ఐడీ విడిగా అడిగి పెట్టించుకోవాలి. మేం పెట్టించుకోలేదు కాబట్టి మా గదిలో ఎవరికీ ఎవరి నంబరూ తెలిసేది కాదు. ఈ1లో గంట మోగకముందే నంబరు వచ్చేస్తుంది, ఆస్టరిస్క్ దాన్ని బుద్ధిగా తేదీ, టైము, ఎన్ని సెకన్లు అనే వివరాలతో ఒక ఫైలులో రాసి దాచుకుంటుంది. ఎవరూ అడగకుండానే, ఏ ఇంట్లోంచి ఏ రాత్రి ఎంతసేపు మాట్లాడారో చెప్పే చిట్టా తయారవుతోంది. అక్కకి చూపించాను. "మధ్యలో లైన్ పోతే మేం తిరిగి చేయొచ్చు కదా," అని ఒక వాలంటీరు అంది. "తిరిగి చేస్తే ఎత్తేది ఎవరో నీకు తెలుసా?" అన్నారు అక్క. కాల్ లోపలికి రాగానే నంబరు చెరిపేసే ఒక్క వరస డయల్‌ప్లాన్‌లో రాశాను. ఎన్ని కాల్స్, ఎంతసేపు అన్న లెక్క మాత్రం మిగిలింది.

కార్డుల కాలం ఇప్పుడు దాదాపు అయిపోయింది. స్పెన్సర్ పెట్టిన డిజియం కంపెనీని, ఆ కార్డుల్లో దానికి పోటీగా ఉన్న సాంగోమానే 2018లో కొనేసింది. తీగలకి బదులు ఇంటర్నెట్ మీదే లైన్లు వస్తున్నాయి. పీసీలో పాత పీసీఐ స్లాటే లేదు. ఎఫ్ఎక్స్ఎస్ ఏదో ఎఫ్ఎక్స్ఓ ఏదో తెలియకుండానే ఒక గంటలో కాల్ సెంటర్ పెట్టేయొచ్చు. ఎవరు ఎప్పుడు పెట్టేశారో ప్రతి కాల్‌కీ స్పష్టంగా తెలుస్తుంది.

అయినా నిశ్శబ్దం మీద గడియారం పెట్టడం మాత్రం మానలేదు. మనిషికి బదులు బాట్ మాట్లాడే సర్వీసుల్లో 'ఇన్ని సెకన్లు మాట్లాడకపోతే కాల్ ముగించు' అని ఒక గడి ఉంటుంది, దాంట్లో ముందే ఏదో అంకె వేసి ఉంటుంది. బ్యాంకు కాల్ అయితే ఆ అంకె అక్కడే ఉండనివ్వండి. ఆసుపత్రికో, హెల్ప్‌లైన్‌కో, పిల్లలు ఫోన్ చేసే చోటికో మీరు సిస్టం పెడుతుంటే, ఆ అంకె ఎంత ఉండాలో కంపెనీని అడక్కండి. అక్కడ ఏళ్ళ తరబడి ఫోన్ ఎత్తుతున్నవాళ్ళెవరో ఒకరుంటారు. వాళ్ళని అడగండి.