మూడో పాఠానికి ముందు

భిలాయి పక్కనున్న జాముల్‌లో సోషల్ చెప్పుకునే నాలాంటి మాస్టారికి యూదుల ప్రస్తావన గట్టిగా వచ్చేది ఒక్కచోటే. తొమ్మిదో తరగతి చరిత్ర, మూడో పాఠం: నాజీయిజం, హిట్లర్. ఇన్నేళ్ళుగా మేం చెబుతూ వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆ పాఠం మొదట్లోనే అంకెలుంటాయి. 60 లక్షల మంది యూదులు, 2 లక్షల మంది జిప్సీలు, 10 లక్షల మంది పోలండ్ పౌరులు, మానసికంగానో శారీరకంగానో వికలాంగులని ముద్రవేసి చంపిన 70 వేల మంది జర్మన్లు. పరీక్షలో అడుగుతారని పిల్లలు ఈ అంకెల కింద స్కేలు పెట్టి మరీ గీత గీసుకుంటారు. యూదులు ఏం తింటారో, ఏ రోజు సెలవు పాటిస్తారో, వాళ్ళ పండగలేమిటో ఒక్క ముక్క తెలియదు. ఎలా చచ్చిపోయారో మాత్రం కంఠతా వస్తుంది. ఒక జనాన్ని చావుతో పరిచయం చెయ్యడం నాకు మొదటినుంచీ గిట్టదు. అందుకని ఆ పాఠం మొదలుపెట్టే ముందు ఒక పీరియడ్, వీలుంటే రెండు, యూదుల బతుకు గురించి చెబుతాను. టీచింగ్ డైరీలో ‘పూర్వ పరిచయం’ అని రాసేస్తాను. ఇంతవరకూ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మా క్లాసు సంగతి కొంచెం చెప్పాలి. మాది సిమెంటు ఫ్యాక్టరీకి దగ్గర్లో ఉన్న చిన్న ప్రైవేటు స్కూలు. ఛత్తీస్‌గఢీ పిల్లలే ఎక్కువ. తర్వాత తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, బీహారీలు. తెలుగు పిల్లల తాతలు చాలామంది భిలాయి స్టీల్ ప్లాంటు కట్టే రోజుల్లో విజయనగరం–రాయ్‌పూర్ లైన్లో రైలెక్కి వచ్చినవాళ్ళే. మా నాన్నా అలా వచ్చినవాడే. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బళ్ళో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు.

ఇన్ని భాషల పిల్లలకీ బాగా తెలిసిన పేరు ఒకటుంది: హిట్లర్. మనకి 1997లో చిరంజీవి సినిమా ఉంది, హిందీవాళ్ళకి ‘హిట్లర్ దీదీ’ సీరియల్ ఉంది. ఏ స్కూల్లో అయినా డ్రిల్లు మాస్టారికి ఆ పేరు పెట్టడం ఆనవాయితీ. హిట్లర్ అంటే కాస్త కోపిష్టి, లోపల మంచివాడు, క్రమశిక్షణ గలవాడు! ‘మైన్ కాంఫ్’ రైల్వే స్టేషన్ పుస్తకాల కొట్లో వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పక్కనే దొరుకుతుంది. ప్రతి బ్యాచిలోనూ ఒకడు లేచి, “దేశాన్ని బాగుచేశాడు కదా సార్?” అంటాడు. నేను తిట్టను. “రేపు మళ్ళీ అడుగు” అని కూర్చోబెడతాను.

నేను పంచాంగంతో మొదలుపెడతాను. యూదులది మనలాగే చంద్రుణ్ణి చూసి నెలలు లెక్కపెట్టి, సూర్యుణ్ణి చూసి సర్దుకునే లెక్క. 19 ఏళ్ళలో 7 సార్లు ఒక నెల ఎక్కువ వేసుకుంటారు. అదార్ అనే నెల ఆ ఏడాదిలో రెండుసార్లొస్తుంది. తెలుగు పిల్లలు వెంటనే “అధికమాసం!” అంటారు. అధికమాసం వచ్చి ఇంట్లో ఎవరి పెళ్ళో ఆగిపోయిన పిల్లకి ఇది ఇంకా బాగా ఎక్కుతుంది. అలా నెల కలపకపోతే వాళ్ళ పస్కా పండగ వసంతంలో ఉండకుండా ఏటా వెనక్కి జారిపోతుంది. వాళ్ళకి రోజు మొదలయ్యేది తెల్లవారుజామున కాదు, సాయంత్రం పొద్దుగుంకాక. శుక్రవారం పొద్దుగుంకకముందే ఇంటావిడ దీపాలు వెలిగిస్తుంది. అప్పటినుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా పని లేదు, పొయ్యి రాజెయ్యడం లేదు, బేరం లేదు.

తిండి సంగతికొచ్చేసరికి క్లాసు అదుపు తప్పుతుంది. చేపకి రెక్కలూ పొలుసులూ రెండూ ఉంటేనే తింటారని చెబుతాను. అయితే రొయ్య? కూడదు. పీత? కూడదు. శ్రీకాకుళం మూలాలున్న పిల్లలు ఎండురొయ్యలు లేని బతుకూ ఒక బతుకేనా అన్నట్టు చూస్తారు. మాంసాన్నీ పాలనీ కలపరు, గిన్నెలు కూడా వేరే పెట్టుకుంటారు. “మా నానమ్మ కూడా నీచు గిన్నెలు వేరే పెడుతుంది సార్” అని ఎవరో ఒకరు అంటారు. కారణాలు వేరని చెబుతాను గానీ, ఆ మాట మాత్రం కొట్టెయ్యను.

పస్కా దగ్గర చర్చికి వెళ్ళే తెలుగు పిల్లలే నాకు సహాయ ఉపాధ్యాయులు. ఐగుప్తు బానిసత్వం, మోషే, పులియని రొట్టెలు, అన్నీ వాళ్ళకి సండే స్కూల్లో చెప్పేసి ఉంటారు. వాళ్ళకి తెలియనిది ఒకటుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో అందరికన్నా చిన్నవాడు లేచి, ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదని ప్రశ్నలు వెయ్యాలి. పెద్దలు దానికి జవాబుగానే కథంతా చెప్పాలి. అంటే, పిల్లవాడు అడగందే పండగ కదలదు. ప్రశ్న అడిగితే “ముందు కూర్చో” అనే మా వృత్తివాళ్ళం ఈ ఆచారాన్ని స్టాఫ్ రూములో గోడకి అంటించుకోవాలి.

ఒక ఏడాది చర్చి పిల్ల ఒకతె, పస్కా గురించి అందరికన్నా బాగా చెప్పినది, చివర్లో మామూలుగా అనేసింది: “కానీ సార్, యేసుప్రభువుని చంపించింది వాళ్ళే కదా.” ఆ మాటని దాటెయ్యకూడదు. మూడో పాఠంలో నాజీల ద్వేషానికి ముందు ఏముండేదో చెప్పే పేరాలో ఉన్నది సరిగ్గా ఇదే. యేసు యూదుడే, మరియ యూదురాలే, పన్నెండుమంది శిష్యులూ యూదులే అని బోర్డు మీద రాశాను. సిలువ వెయ్యడం రోమన్ల శిక్ష, తీర్పిచ్చిన పిలాతు రోమన్ అధికారి. ఆ చావుకి యూదులందరినీ దోషులనడం తప్పని 1965లో వాటికన్ సభే తీర్మానించింది. ఆ పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నని అడిగింది. ఆయన మర్నాడు స్కూలుకొచ్చాడు. నేను గొడవ అనుకున్నాను. ఆయన ఆ తీర్మానం ఎక్కడ దొరుకుతుందో రాసిమ్మని అడిగి తీసుకెళ్ళాడు.

తర్వాత ఇండియా మ్యాపు పంచిపెడతాను. కొచ్చిలో 1568 నాటి పరదేశీ సినగాగ్ గుర్తించమంటాను. ఆ తర్వాత మా ఊరి పట్టాలు. దుర్గ్, భిలాయి మీదుగా పోయే ముంబై–హౌరా లైనుకి రెండు కొసల్లోనూ యూదులున్నారు. కోల్‌కతా కొసన బాగ్దాదీ యూదులు 1884లో కట్టిన మాగెన్ డేవిడ్ సినగాగ్ ఉంది. వాళ్ళు పెట్టిన జ్యూయిష్ గర్ల్స్ స్కూల్లో ఇవాళ చదివే ఆడపిల్లల్లో ఎక్కువమంది ముస్లింలు. ముంబై కొసన, అలీబాగ్ వైపు కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ ఉన్నారు. ఓడ పగిలి ఒడ్డుకి చేరిన కొద్దిమంది సంతానం తామని చెప్పుకుంటారు. ఊళ్ళలో గానుగ ఆడి నూనె తీసి బతికేవారు, శనివారం మాత్రం గానుగ ఆపేసేవారు. అందుకని చుట్టుపక్కలవాళ్ళు వాళ్ళని ‘శనివార్ తేలీ’ అనేవారు.

ఈ మాటకి మా క్లాసులో సగం తలలు లేస్తాయి. దుర్గ్ జిల్లాలో సాహూలు ఎక్కువ, వాళ్ళ పాతవృత్తి గానుగే. తేలీ అంటే వాళ్ళే. ఒక సాహూ కుర్రాడు “అయితే వాళ్ళూ మా కులపోళ్ళేనా సార్?” అన్నాడు. పని ఒకటే, పుట్టుక వేరు అన్నాను. వాడికి పని ఒకటైతే చాలు. ఆ ఏడాదంతా ఆ పాఠంలో ఎక్కువ ప్రశ్నలు వాడివే.

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం కూడా మ్యాపులో పెట్టిస్తాను. అక్కడ ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుని, తెలుగు మాట్లాడుతూ యూదు మతం పాటించే మాదిగ కుటుంబాలున్నాయి. ‘బెనె ఎఫ్రాయిమ్’ అంటారు. వాళ్ళ మీద యెగోరోవా, పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో పుస్తకమే వేశారు. గోల్కొండ కాలంలో సర్మద్ అనే యూదు సంతతి ఫకీరు హైదరాబాదులో ఉన్నాడని, యూదు మతం గురించి ఆయన చెప్పినది పారశీక గ్రంథం ‘దబిస్తాన్’లోకి ఎక్కిందని కూడా చెబుతాను. దానికి మాత్రం టైము చాలదు.

ఎందుకంటే భిలాయి మిగిలి ఉంటుంది. మా పిల్లలకి ప్లాంటు రష్యావాళ్ళు కట్టారని తెలుసు. 1955 ఫిబ్రవరిలో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. కట్టేటప్పుడు, 1957 నుంచి 1959 దాకా, సోవియట్ వైపు చీఫ్ ఇంజనీరు వెనియమిన్ దీమ్‌షిత్స్. ఆయన యూదుడు. 1910లో క్రిమియాలోని ఫియోడోసియాలో పుట్టాడు. మాగ్నితోగోర్స్క్ దగ్గర పనిచేశాడు. యుద్ధంలో ధ్వంసమైన జపొరోజ్యే ఉక్కు కర్మాగారాన్ని మళ్ళీ నిలబెట్టాడు. ఆ అనుభవంతో ఇక్కడికి వచ్చాడు. 1962లో సోవియట్ ఉప ప్రధాని అయ్యి, 1985 దాకా ఉన్నాడు. ఆ ప్రభుత్వంలో అంత ఎత్తుకెక్కిన యూదుడు అప్పట్లో ఇంకొకరు లేరు. అలాగని అంతా సుఖంగా గడిచిందని చెప్పను. 1970 మార్చిలో ఇజ్రాయెల్‌ని ఖండించడానికి మాస్కోలో పెద్ద పత్రికా సమావేశం పెట్టి, పేరున్న యూదుల్ని వరసగా కూర్చోబెడితే, అందులో ఆయనా ఒకడు. పదవి ఇచ్చిన చేత్తోనే పని చేయించుకున్నారు.

ఆయన పుట్టిన ఫియోడోసియాని నాజీలు 1941 నవంబరులో పట్టుకున్నారు. డిసెంబరుకల్లా ఊళ్ళో చిక్కిన యూదుల్ని చంపేశారు. ఇది చెప్పి పుస్తకం తెరవమంటాను, మూడో పాఠం.

తేడా జవాబు పత్రాల్లో కనబడుతుంది. యూదుల మీద ద్వేషం ఎందుకని అడిగితే, పూర్వ పరిచయం లేని సెక్షన్లో “యూదులు వడ్డీ వ్యాపారులు, తక్కువ జాతి, అందుకని” అని రాసేవాళ్ళుంటారు. నాజీల మాటే పిల్లవాడి సొంత మాటైపోతుంది, దానికి మార్కులూ పడతాయి. ముందుగా చెప్పిన సెక్షన్లో “భూమి కొననివ్వలేదు, అందుకని వడ్డీ వ్యాపారంలోకి వెళ్ళారు, తక్కువ జాతి అని నాజీలు ప్రచారం చేశారు” అని రాస్తారు. అందరూ కాదు, చాలామంది. హిట్లర్ దేశాన్ని బాగుచేశాడు కదా అన్నవాడు కూడా, మర్నాడు అడగమంటే, సాధారణంగా ఇంకో ప్రశ్న అడుగుతాడు.

ఇజ్రాయెల్, గాజా ప్రశ్నలూ వస్తాయి, ఫోన్లున్న కాలం. యూదుడు వేరు, ఇజ్రాయెల్ ప్రభుత్వం వేరు, ఒకరి తప్పు ఇంకొకరికి అంటగట్టడమే మూడో పాఠంలో జరిగిందని చెప్పి, పాలస్తీనా గురించి విడిగా ఒక రోజు పెట్టుకుంటాను.

ఇది చదివే భిలాయి తెలుగువాళ్ళకి ఒక మనవి. 1957–59 మధ్య మీ తాతలో నాన్నలో సోవియట్ ఇంజనీర్లతో దిగిన ఫొటోలు ట్రంకుపెట్టెల్లో ఉంటాయి. అందులో ఎవరెవరున్నారో తెలిసినవాళ్ళు బతికుండగానే పేర్లు వెనకాల రాయించండి. నకలు ఒకటి మీ పిల్లల సోషల్ టీచరుకి ఇవ్వండి.