శంషాబాదు దారిలో ధ్రువసముద్రపు ముచ్చట

హైదరాబాదునకు దక్షిణమున నున్న శంషాబాదు, 2008వ సంవత్సరము మార్చి నెలలో విమానాశ్రయము తెఱువబడినది మొదలు, వీడ్కోళ్ళకు నెలవైనది. మొన్నటి వానకాలమున మేమును మా అక్కయ్య కూతురిని సాగనంప నచ్చటికి వెళ్ళితిమి. అంటార్కిటికా చుట్టునున్న సముద్రపు లోతులలోని పురుగులను జాతులుగా విభజించి వర్ణించు విద్య నేర్చుకొనుట కామె విదేశమునకు బోవుచుండెను.

దారిలో అత్తాపూరు వచ్చెను. భారత జంతు సర్వేక్షణ సంస్థవారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రము అచ్చట గలదు. "చిన్నమ్మా, చెరువైనను ధ్రువసముద్రమైనను జీవిని గుర్తించి పేరిడు పని యొక్కటే" యని పిల్ల చెప్పగా, అక్కయ్య నిట్టూర్చి, "పురుగుల వెండ్రుకలు లెక్కించుటకేనా తల్లీ, నిన్నింత దూరము పంపుట?" అనెను.

శంషాబాదు చేరి కారు దిగునప్పటికి వాన వెలిసినది. దారిప్రక్క నెఱ్ఱమట్టిపై వానపామొకటి ప్రాకుచుండెను. పిల్ల దానిని చూపి, తాను చదువబోవు పురుగులు దీని చుట్టములే యనెను. వాని దేహమును ఉంగరములు పేర్చినట్లే యుండును. కాని ప్రతి కణుపునకు నిరువైపుల తెడ్లవంటి కాళ్ళును, వానియందు రోమముల కుచ్చులును గలవు. ఆ రోమములు కొన్ని సూదులవలె, కొన్ని కొక్కెములవలె, కొన్ని ఱంపపు పండ్లవలె నుండును. సూక్ష్మదర్శినిలో ముఖ్యముగా వానినిబట్టియే జాతిని నిర్ణయింతురు.

పైరూపమును నమ్మరాదట! 1939లో మన్రో యను శాస్త్రజ్ఞుడు 'యూలగిస్కా జైగాంటియా' అని పేరిడిన దక్షిణసముద్రపు పురుగు జానెడు పొడవుండును. కోఱలుగల దాని ముందుభాగమును చూచినవారు తల యని భ్రమింతురు. నిజమునకది లోపల ముడుచుకొనియుండి వెలికి తిరుగబడు గొంతు.

ధ్రువసముద్రములు వేడెక్కుచున్న యీ కాలమున, అచ్చట నేమేమి యున్నవో ముందు తెలిసిననే గదా, ఏది తఱిగినదో తెలియుట! పేరు లేనిది తప్పిపోయినను వెదకువారుండరు.

సోదరీమణులారా, ఈ పని స్త్రీలకు క్రొత్త గాదు. అమెరికా దేశస్థురాలగు ఓల్గా హార్ట్‌మన్ ప్రపంచమునందలి యీ తెగ పురుగుల పేర్లు కూర్చి 1959లో పట్టిక వెలువరించెను. 1964, 1966లలో అంటార్కిటికా పురుగులపై గ్రంథములు ప్రకటించెను. 1983లో బయలుదేరిన మన దేశపు మూడవ అంటార్కిటికా యాత్రలో సముద్రశాస్త్రవేత్త అదితి పంత్, భూగర్భశాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా పాల్గొనిరి. మన యాత్రలలో తొలి స్త్రీలు వీరే.

విమానాశ్రయ ద్వారముకడ అక్కయ్య ఆవకాయ సీసాను మఱల చుట్టి పెట్టెలో సర్దినది. దానిపై ఏ యూరి కాయయో, ఏ నెలలో పెట్టినదో చీటీ వ్రాసి అంటించుట యామె వాడుక. పిల్ల దానిని చూచి, "అమ్మా, మా సీసాలలోను ఇట్టి చీటీయే యుండవలెను. ఏ చోట, ఎంత లోతున, ఏనాడు దొరకినదో వ్రాయనిచో, ఆ పురుగు ఎందులకును కొఱగాదు" అనెను.

అక్కయ్య కొంతసేపు మాటాడలేదు. పిదప కూతురి తల నిమిరి, "అట్లయిన చెరగని సిరాతో వ్రాయుము తల్లీ" యని లోనికి పంపినది.