పాత అంబాసిడర్, ఒక ఇంజన్ స్టాండు, ఆరు సిమెంటు బస్తాలు

పాత కారు ఇంజన్ విప్పి బాగుచేయిస్తున్నాం అనగానే మనవాళ్ళు ముందు అడిగేది "పార్టులు దొరుకుతాయా?" అని. తర్వాత "ఎంతవుతుంది?" అని. విప్పిన ఇంజన్ని ఎక్కడ పెడతారు అని మాత్రం ఎవరూ అడగరు. చెయ్యో కాలో పోయే అవకాశం ఎక్కువున్నది మాత్రం అక్కడే. అందుకని పిస్టన్ రింగుల సంగతీ బేరాల సంగతీ పక్కన పెట్టి ఇవాళ ఉత్త స్టాండు గురించే రాస్తున్నా. విసుగొస్తే తిట్టుకోకండి.

ముందు కాస్త నేపథ్యం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళన్నీ మునిగినప్పుడు మా నాన్న అంబాసిడర్ కూడా మునిగింది. డీజిల్ బండి, 1489 సీసీ. నీళ్ళు తీసిన రోజున వీధిలో కొందరు చేసిన మొదటి పని, పని చేస్తుందేమోనని తాళం తిప్పడం. సిలిండర్లో నీళ్ళుంటే అవి గాలిలాగా నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. నాన్న తాళం జేబులోంచి బయటికి తియ్యలేదు. ఇంజెక్టర్లు ఊడదీయించి, నీళ్ళు తోడించి, తుప్పు పట్టకుండా ఆయిల్ పోయించి ఉంచారు. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీదే కాబట్టి వరదకి పైసా రాదు. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లోనే మూతపడింది కాబట్టి కొత్త ఇంజన్ అనే మాట లేదు. సంక్రాంతి సెలవులకి నేను వచ్చాక ఆ ఉన్న ఇంజన్నే దింపి, ఇంట్లోనే షెడ్డులో విప్పుదామని తేల్చాం. బోరింగు, క్రాంకు గ్రైండింగు లాంటివి ఎలాగూ ఆటోనగర్ వెళ్ళాల్సిందే.

ఆటోనగర్ గురించి బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడ దొరకని పార్టుండదు, రాని పని ఉండదు. అయినా మేం తిరిగిన షెడ్లలో చాలా చోట్ల ఇంజన్ని పెట్టేది పాత లారీ టైరు మీదో, రెండు చెక్క దుంగల మీదో. మా మేస్త్రీ గారి మాట కూడా అదే. "ముప్ఫయ్యేళ్ళ నుంచీ టైరు మీదే పెడుతున్నా బాబూ, ఏనాడూ ఏం కాలేదు." ఆయన ఎడంచేతి చిటికెన వేలికి పై కణుపు లేదు. అడిగితే "అది గేరుబాక్సు మీద పడి పోయింది, ఇంజన్ కాదులే" అని నవ్వారు. ప్రొడక్షన్‌లో ఇంతవరకూ పడిపోలేదు కాబట్టి టెస్టింగ్ దేనికి అనే మేనేజర్లు మనకి కొత్తేం కాదు కదా :)

నిజం చెప్పాలంటే టైరు మరీ చెడ్డదేమీ కాదు. బరువు నేలకి దగ్గరగా ఉంటుంది, ఒరిగినా పడేంత ఎత్తు లేదు. చిక్కంతా తిరగెయ్యాల్సి వచ్చినప్పుడే. క్రాంకు తియ్యాలంటే ఇంజన్ బోర్లాపడాలి. ఇద్దరు కలిసి దొర్లిస్తారు, మూడోవాడు కింద దుంగ తోస్తాడు. ఆ మూడోవాడు ఎప్పుడూ పని నేర్చుకుంటున్న కుర్రాడే. మా మేస్త్రీ గారి దగ్గరున్న కుర్రాడికి ఇంకా మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఈ ఇనప ఇంజన్ 150 కిలోలకి తక్కువుండదు. మారుతీ 800 ఇంజన్‌ని ఇద్దరు మోసుకుపోగలరు గానీ ఇది అలాంటిది కాదు. వాడి వేళ్ళు దాని కింద ఉండడం నాకు నచ్చలేదు. స్టాండు కావాలని పట్టుబట్టింది అందుకే.

స్టాండంటే పెద్ద యంత్రమేమీ కాదు. కింద చక్రాల చట్రం, ఒక నిలువు స్తంభం, దాని తల మీద తిరిగే పళ్ళెం, పళ్ళేనికి నాలుగు చేతులు. గేరుబాక్సు, క్లచ్చు, ఫ్లైవీలు తీసేశాక ఇంజన్ వెనక ముఖానికి ఈ నాలుగు చేతుల్నీ బోల్టులతో బిగిస్తారు. అంటే ఇంజన్ మొత్తం ఒక పక్క నుంచి గాల్లో వేలాడుతుంది. కాలేజీలో లెక్కలు చేసిన కాంటిలివర్ బీమే.

చవకవాటికి మూడు చక్రాలుంటాయి, ముందొకటి, వెనక రెండు. ఇంజన్ బరువు పడేది ముందువైపు, అంటే త్రిభుజం సన్నబడే చోట. పక్కకి కొంచెం తోస్తే చాలు. స్టాండు మీద 340 కిలోలు మోస్తుంది అని రాసుంటుంది, అబద్ధమూ కాదు. మోస్తుంది. ఒరగదని మాత్రం ఎక్కడా రాయలేదు. అందుకని ముందు కూడా రెండు చక్రాలుండి, వాటి మధ్య దూరం బాగా ఉన్న నాలుగు చక్రాల స్టాండే తీసుకోండి.

ఇంకోటి, మన డెల్టా నేల సంగతి. కింద నల్లమట్టి, ఎండాకాలం బిగుసుకుంటుంది, వానాకాలం ఉబ్బుతుంది. మా షెడ్డు గచ్చు వరద తర్వాత రెండు చోట్ల కుంగి, పగుళ్ళిచ్చింది. స్టాండు చక్రాలేమో మూడంగుళాల ఇనప చక్రాలు. బరువుతో తోసేటప్పుడు ఒక చక్రం పగులులో దిగబడిందంటే పైనున్నది ఆగదు. అందుకని బరువెక్కించాక స్టాండుని అంగుళం కూడా జరపకూడదని నిర్ణయించుకున్నాం. గచ్చు బాగున్న చోట ముందే నిలబెట్టి, చక్రాలకి అటూ ఇటూ చెక్కలు కొట్టి, ఇంజన్నే చైన్ బ్లాకు మీద అక్కడికి తెచ్చాం.

కొనాలా, చేయించాలా? ఆన్‌లైన్లో దొరుకుతాయి, కానీ నేను చూసినవాటిలో స్తంభం రేకు మందం ఎంతో రాసినవి లేవు. చివరికి ఆటోనగర్‌లోనే సి-ఛానల్‌తో చేయించాం. వెల్డరు చెయ్యి మంచిదే, అయినా స్తంభానికి తల అతికే చోట పడే వంపు అంతా ఆ ఒక్క వెల్డింగ్ మీదే. అక్కడ రెండు వైపులా ముక్కోణపు పట్టీలు వేయించాం. ఖాళీగా ఉన్నప్పుడు తల కాస్త పైకి చూసేలా పెట్టించాం, బరువు పడ్డాక సమానానికి వస్తుంది. ఇంజన్ ఎక్కించేముందు ఆరు సిమెంటు బస్తాలు, అంటే 300 కిలోలు, ఇంజన్ బరువు పడబోయే దూరంలో గొలుసుతో వేలాడదీసి రాత్రంతా వదిలేశాం. పక్కింటి మావయ్య గారు వచ్చి "సిమెంటు ఆరబెడుతున్నారా?" అని అడిగి వెళ్ళారు.

బోల్టుల దగ్గర ఒక ముఖ్యమైన సంగతుంది. అంబాసిడర్‌లో ఈ 1489 సీసీ ఇంజన్ వంశం బ్రిటన్ బీఎంసీది. మరలన్నీ అంగుళాల లెక్క, యూఎన్‌ఎఫ్. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. షాపులో ఎం8 బోల్టు ఇస్తే కంటికి తేడా తెలీదు, రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. మూడో చుట్టుకి బిగుస్తుంది. "గట్టిగా ఉంది, పట్టింది" అనుకుని స్పానరుతో లాగితే బ్లాకులో మర పోతుంది. చేత్తో పూర్తిగా తిరగని బోల్టు ఆ రంధ్రానిది కాదు, అంతే. మర లోపలికి బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు దిగాలి. 8.8 గ్రేడు లేదా అంతకన్నా గట్టివి, నాలుగూ. మూడు సరిపోతాయి అని చెప్పేవాళ్ళుంటారు, వినకండి.

ఇక తిప్పడం. పళ్ళెం తిరిగే ఇరుసు ఇంజన్ బరువు కేంద్రంలోంచి పోవాలి. క్రాంకుకి ఎదురుగా కాదు, దానికి కాస్త పైన. లెక్క వేసి చూడండి. 150 కిలోల ఇంజన్ ఇరుసుకి 5 సెంటీమీటర్లు తప్పుకుంటే, 30 సెంటీమీటర్ల హ్యాండిల్ చివర 25 కిలోలు పట్టుకున్నట్టే. పైగా ఈ లెక్క రోజూ మారుతుంది. హెడ్డు తీసెయ్యగానే బరువు కిందికి దిగుతుంది. నిన్న ఒక చేత్తో తిరిగిన ఇంజన్ ఇవాళ బోర్లా తిప్పితే దానంతటదే గిర్రున వెనక్కొచ్చి హ్యాండిల్‌తో మణికట్టు మీద కొడుతుంది. కాబట్టి పిన్ను లాగే ముందు హ్యాండిల్ మీద రెండు చేతులూ ఉండాలి, పిన్ను ఇంకొకరు లాగాలి. ఆయిలూ నీళ్ళూ ముందే ఒంపెయ్యాలి, లేకపోతే తిప్పినప్పుడు గచ్చంతా జారుడే.

ఎక్కించిన రోజు నాలుగు బోల్టులూ బిగించాక కూడా చైన్ విప్పలేదు. కొంచెం వదులు చేసి, పది నిమిషాలు చూసి, మళ్ళీ బోల్టులు తడిమి, అప్పుడు తీశాం. ఇక్కడ మేస్త్రీ గారు చెప్పింది ఏ మాన్యువల్లో చదివినా నాకు ఇంతగా ఎక్కేది కాదు. "ఎప్పుడన్నా కదిలిందనుకో, పట్టుకోబోకు. వదిలేసి పక్కకి దూకు. ఇనుముకి ఇంకో ఇనుము దొరుకుద్ది." కుర్రాడి చేత కూడా రెండుసార్లు దూకించి చూపించారు. నాకు మొమెంటు లెక్కలు తెలుసు గానీ, బరువు జారుతుంటే చెయ్యి దానంతటదే పట్టుకోడానికి వెళ్తుందని ఆయనకి ఆ చిటికెన వేలు నేర్పింది.

క్రాంకు 20 థౌ గ్రైండింగ్ అయి వచ్చింది. మన ఉక్కపోతకి బోర్లు రాత్రికి రాత్రే ఎర్రబడతాయి, అందుకని పని ఆపినప్పుడల్లా నూనె గుడ్డతో తుడిచి గోనెపట్టా కప్పాం. ఇంజన్ మళ్ళీ బండిలోకి ఎక్కిన వారానికి మేస్త్రీ గారు నాన్నకి ఫోన్ చేశారు, ఎవరిదో జీపు ఇంజన్ వచ్చిందట, నాలుగు రోజులు స్టాండు కావాలని. కుర్రాడు ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. స్టాండు ఎక్కించుకుని కొంచెం దూరం వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, "పిన్ను మర్చిపోయా అన్నా" అని పట్టుకెళ్ళాడు.