ఓటు వేరైతే యూదా అయిపోతామా?

ఎరుకుల, యానాది, సుగాలి, ఇరుల అనే తేడా లేకుండా తిరుపతి, చిత్తూరుల్లో చదువుకునే వాళ్లం చాలామందిమి ఇక్కడ ఉన్నాం. నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్‌లు, హాస్టల్ సమస్యలు మాట్లాడుకునే చోటు ఇది. ఈరోజు నేను రాసేది వేరే సంగతి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పంచాయతీ ఎన్నికల మాట మొదలైనప్పటి నుంచి మన పిల్లల మధ్య మాటలు మళ్లీ వేడెక్కుతున్నాయి. మొన్న ఒక తమ్ముడు ఇంకో తమ్ముడిని "నువ్వు యూదావిరా" అన్నాడు. ఇద్దరూ విశ్వాసులే. ఒకే చర్చిలో ఒకడు కీబోర్డు వాయిస్తాడు, ఇంకొకడు పాడతాడు. పాడే తమ్ముడు చేసిన నేరం ఏంటంటే, 2024లో వేరే గుర్తుకు ఓటేశానని బయటికి చెప్పడం. పేర్లు చెప్పను. ఆ మాట మాత్రం నన్ను రెండు రోజులు నిద్రపోనీలేదు. "నీ లెక్క తప్పు" అంటే దానికి జవాబు ఉంటుంది. "నువ్వు యూదా" అంటే ఇంక మాట్లాడేదానికి ఏం మిగులుతుంది?

చర్చికి పోని మనవాళ్లు కూడా ఈ గ్రూపులో ఉన్నారని తెలుసు. ఇది ముఖ్యంగా పోయేవాళ్ల కోసం రాస్తున్నా. మీరు చదివినా పరవాలేదు, మా ఇళ్లలో గొడవలు మీకు తెలియనివి కావు కదా.

యూదా పేరు ఎత్తారు కాబట్టి ముందు ఆ పన్నెండు మంది సంగతే చూద్దాం. శిష్యుల జాబితాలో మత్తయి ఉన్నాడు, సుంకరి. రోమా పాలన ఏర్పాటులో సొంత జనం దగ్గర పన్ను వసూలు చేసినవాడు. అదే జాబితాలో జెలోతే అనే సీమోను ఉన్నాడు. రోమా పాలన మీద మండిపడే వాళ్లకు ఆ పేరు ఉండేదని చాలామంది బోధకులు చెప్తారు. ఈ ఇద్దరిని ఒక పల్లెలో ఊహించుకోండి. మన లెక్కలో అయితే ఒక ఆటోలో కూడా ఎక్కరు. యేసు ఇద్దరినీ పిలిచాడు, ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడు. రాజకీయంగా ఇద్దరినీ ఒకే అభిప్రాయానికి తెచ్చాడని సువార్తల్లో నాకైతే ఎక్కడా కనపడలేదు. ఇంక యూదా సంగతి. చివరి రాత్రి కాళ్లు కడిగినప్పుడు యూదా ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు. యోహాను 13వ అధ్యాయం తీసి వరస చూసుకోండి. నిజంగా యూదా అయినవాడి కాళ్లే కడిగితే, ఓటు వేరే వేసిన తమ్ముడికి మనం ఏం బాకీ ఉన్నామో మీరే ఆలోచించండి.

2024లో మా కాలనీలో ఏం జరిగిందో చెప్తా. మాది చంద్రగిరి నియోజకవర్గం, స్వర్ణముఖి అవతల. ముప్పై చిల్లర ఇళ్లు, అందరం ఎరుకుల వాళ్లమే, సగానికి పైగా చర్చికి పోతారు. మా నాయన ఫ్యాను. మా చిన్నాయన సైకిలు. ఇద్దరి గోడా ఒక్కటే.

ఇద్దరికీ కారణాలు ఉన్నాయి. మా అమ్మ పేరు మీద ఇంటి పట్టా వచ్చింది. "మన పేరు మీద సెంటు నేల కాగితం చూసింది మన వంశంలో ఇదే మొదలు" అని నాయన అంటాడు. "కాగితం ఇచ్చినారు సరే, ఆ స్థలానికి దావ యాడుండాది? నీళ్లు యాడుండాయి? పిల్లోళ్లు డిగ్రీలు చదివి ఇంట్లో కూచోనుండారే" అని చిన్నాయన అంటాడు. రెండూ నిజమే. నేను ఇద్దరి మాటా విన్నా. ఎదుటివాడు డబ్బు తీసుకుని మాట్లాడుతున్నాడు అనుకోవడం చాలా సులువు. అతని ఇంట్లో కూర్చుని అతని కారణం వినడం కష్టం. ప్రేమ అంటే రాజకీయం మాట్లాడకుండా నోరు మూసుకోవడం అని కొందరు పెద్దలు చెప్తారు. నేను ఒప్పుకోను. పట్టా గురించి, దారి గురించి, నీళ్ల గురించి మాట్లాడకపోతే మన గురించి ఎవరు మాట్లాడతారు?

పోలింగుకు ముందు ఒక ఆదివారం బయటి నుంచి ఒక బ్రదర్ వాక్యం చెప్పడానికి వచ్చాడు. వాక్యం సగంలో ఎన్నికల్లోకి దిగిపోయాడు. విశ్వాసి అయినవాడు ఫలానా వాళ్లకే ఓటెయ్యాలి, వేయనివాడి విశ్వాసం పరీక్షించుకోవాలి అన్నాడు. మా మేనత్త లేచి, బిడ్డను చంకనేసుకుని బయటికి పోయి వేపచెట్టు కింద కూర్చుంది. ఆమె వెనక ఇంకో ఏడెనిమిది మంది. ఎవరూ అరవలేదు. ఆ బ్రదర్ వెళ్లిపోయాక అందరూ లోపలికి వచ్చి చివరి ప్రార్థన చేసుకున్నారు. మా పాస్టర్ గారు ఆమెను ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం ఓటు మాట ఎత్తకుండా వాక్యం చెప్పారు. నాకు అది చాలా పెద్ద పని అనిపించింది.

ఇక్కడ చట్టం కూడా తెలుసుకోండి. ఎన్నికల ప్రవర్తనా నియమావళి ప్రకారం గుడి, మసీదు, చర్చి ఏదీ ప్రచారానికి వాడకూడదు. మతం పేరు చెప్పి ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం కింద అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు మీద అడిగినా తప్పే అంది.

అసలు "క్రైస్తవుల ఓటు" అనేది ఎక్కడుంది? 2024లో పులివెందుల ఇంటి అన్నాచెల్లెళ్లు చెరో పార్టీని నడిపారు. జగన్ గారు ఒకవైపు, జనవరిలో కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షురాలై కడప నుంచి పార్లమెంటుకు నిలబడిన షర్మిల గారు ఇంకోవైపు. ఇద్దరూ చర్చి ఎరిగిన ఇంటివాళ్లే. ఇంక మా కాలనీలో అన్నదమ్ములు వేరే వేరే ఓటేస్తే ఎవరి విశ్వాసం తగ్గినట్టు?

ఇంకో భయం కూడా ప్రతి ఎన్నికల్లో వస్తుంది. చర్చికి పోతే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందని. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఎస్సీలకు మతం షరతు ఉంది, ఎస్టీలకు లేదు. ఎస్టీల జాబితా మతాన్ని బట్టి కాదు, తెగను బట్టి. ఎవరైనా ఆ మాట చెప్పి ఓటు అడిగితే ఈ ఒక్క ముక్క చెప్పండి, కొట్లాట అవసరం లేదు.

ఇప్పుడు నాకు ఇష్టమైన సంగతికి వస్తా. ఆ ఏడాది ఎన్నికల సంఘం వాలంటీర్లను పింఛన్ల పంపిణీకి దూరం పెట్టింది. ఏప్రిల్‌లో సచివాలయం దగ్గర ఇచ్చారు. మే నెలకు చాలామందికి డబ్బు బ్యాంకు ఖాతాలో వేశారు. మే నెలలో మన ఎండలు మీకు చెప్పక్కర్లేదు. మా కాలనీ నుంచి బ్యాంకు ఆరు కిలోమీటర్లు. మూడు వేల రూపాయల కోసం ముసలోళ్లు పోవాలి. మీ వల్లే అని వాళ్లు, మీ వల్లే అని వీళ్లు టీవీల్లో కొట్లాడుకుంటున్నారు.

చిన్నాయన కొడుక్కి ఆటో ఉంది. ప్రచారానికి అద్దెకు పెట్టాడు, పైన పెద్ద పసుపు జెండా. మా అవ్వను, పక్కింటి తాతను, ఇంకో ఇద్దరు ముసలమ్మలను ఎక్కమన్నాడు. తాత ఎక్కలేదు. జీవితమంతా వేరే జెండా మోసిన మనిషి. "నేను నడిచే పోతా. ఆ జెండా కింద కూచోను" అని కట్టె ఊతంతో కదిలాడు. మావాడు ఏం వాదించలేదు. జెండా కర్ర పీకి, గుడ్డ మడిచి సీటు కింద పెట్టినాడు. "ఇంగ ఎక్కు తాతా, ఇది ఒట్టి ఆటోనే" అన్నాడు. నాయన వైపు కుర్రోడు ఒకడు నీళ్ల క్యాను తెచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు, బ్యాంకు కాడ ఫారాలు రాయడానికి. అట్లా రెండు రోజుల్లో పద్నాలుగు మందిని తీసుకుపోయి తీసుకొచ్చారు.

దానికి మావాడికి నష్టమే వచ్చింది. జెండా తీసిన బండికి బాడుగ ఎందుకియ్యాలని ప్రచారం చూసుకునే ఒకాయన ఫోన్‌లో తిట్టి, ఆ రెండు రోజుల డబ్బులు కోసేశాడు. మావాడు చర్చికి పెద్దగా రాడు కూడా. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు కనపడతాడు, అంతే. ఇది కూడా రాయాలనిపించింది, రాస్తున్నా.

మే 13న పోలింగు. ఆ మరుసటి రోజు పద్మావతి మహిళా యూనివర్సిటీలో, ఈవీఎంలు పెట్టిన స్ట్రాంగ్ రూమ్ చూడడానికి వచ్చిన చంద్రగిరి టీడీపీ అభ్యర్థి పులివర్తి నాని గారి మీద దాడి జరిగింది. నేను అప్పుడు పక్కనే ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నా. తిరుపతి అంతా పోలీసులే. ఎన్నికల సంఘం ఎస్పీని బదిలీ చేసింది, రాష్ట్రంలోని ఇట్లాంటి ఘటనల మీద సిట్ వేశారు. అమ్మ రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేది. నా గురించి కాదు, కాలనీ కుర్రోళ్ల గురించి. రెండు వైపుల నాయకులూ మనవాళ్లను టెంపోల్లో ఎక్కించుకుని పోతున్నారని.

అమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. బ్రిటిష్ వాళ్లు ఎరుకుల వాళ్లను పుట్టుకతోనే నేరస్తులని రాసి పెట్టారు. ఆ చట్టం దేశమంతా రద్దయింది 1952లో. కాగితం మీద రద్దయినా గొడవ జరిగితే ముందు వెతికేది మన కాలనీలోనే. ఒక్క ఎఫ్‌ఐఆర్‌లో పేరు పడితే కానిస్టేబుల్ ఉద్యోగం వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది. టెంపో పంపిన నాయకుడి కొడుకు ఆ సమయానికి బెంగుళూరులో ఉంటాడు. ఆ లీడర్లు ఇద్దరూ తర్వాత ఒకే పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు, మనమే చూశాం కదా.

ఇంకోటి. 175 అసెంబ్లీ సీట్లలో ఎస్టీలకు ఏడు, 25 ఎంపీ సీట్లలో ఒకటి, అరకు. రాయలసీమలో ఒక్కటీ లేదు. తిరుపతి, చిత్తూరు పార్లమెంటు సీట్లు రెండూ ఎస్సీలవి. అంటే మన దగ్గర ఏ పెద్ద ఎన్నికలోనూ మన కోసం కేటాయించిన సీటు లేదు. ఎవరు గెలిచినా రోడ్డు కోసం, స్మశానం స్థలం కోసం ముప్పై ఇళ్లూ కలిసి పోయి అడగాల్సిందే. పదిహేను ఇళ్లుగా పోతే ఆఫీసులో కుర్చీ కూడా చూపించరు.

జూన్ 4న లెక్కింపు. మధ్యాహ్నానికే తెలిసిపోయింది. సాయంత్రం గెలిచిన వైపు పిల్లలు టపాకాయల సరాలు తెచ్చి మా వీధిలో, ఓడినోళ్ల గడపల ముందు కాలుద్దామన్నారు. చిన్నాయన వాళ్లకు అడ్డం నిలబడ్డాడు. "కాల్చుకోండి, గెలిచినాం కదా. మెయిన్ రోడ్డు కాడ కాల్చుకోండి. ఈడ మా అన్న ఉండాడు" అన్నాడు. సణుగుతానే పోయారు.

చీకటి పడ్డాక మా ఇంటికి వచ్చాడు. నాయన పందుల దొడ్డి వైపు తిరిగి కూర్చున్నాడు. చిన్నాయన నాయనతో ఒక్క మాట కూడా అనలేదు. "వదినా, సంగటి ఉందా?" అని అడిగి, తట్టలో వేయించుకుని, పచ్చిపులుసుతో తిని, చెయ్యి కడుక్కుని పోయాడు. మరుసటి రోజూ వచ్చాడు. మూడో రోజూ. గెలుపు గురించి ఒక్క మాట లేదు. అమ్మ సంగటి ఒక ముద్ద ఎక్కువ కెలకడం మొదలుపెట్టింది.

నాయన వెంటనే కరిగిపోయాడని రాస్తే అబద్ధం అవుతుంది. దాదాపు నెల పట్టింది. ఓడినోళ్ల పింఛన్లు పీకేస్తారని పుకారు పుట్టి, మా అవ్వ అన్నం కూడా సరిగా తినలేదు. జూలై 1న సచివాలయం వాళ్లు ఇంటికి వచ్చి ఏడు వేలు ఇచ్చారు, నాలుగు వేలు ఆ నెలది, మూడు వేలు పాత మూడు నెలల పెంపు. వాళ్ల వెంట చిన్నాయన కూడా వచ్చాడు, అవ్వ వేలిముద్ర సరిగా పడదని తెలిసి. ఆ రోజు నాయన "కూచో" అన్నాడు. అంతే అన్నాడు. ఇప్పుడు ఇద్దరూ పట్టా గురించి, దారి గురించి మళ్లీ గట్టిగా కొట్లాడుకుంటారు. వీధి చివరి దాకా వినపడుతుంది. అయిపోయాక ఒకరి బీడీ ఒకరు ముట్టించుకుంటారు. (పాస్టర్ గారికి చెప్పకండి.)

ఆ ఇద్దరు తమ్ముళ్లకు నా మాట ఒక్కటే. అన్నవాడే ముందు ఆదివారం దాకా ఆగకుండా అతని ఇంటికి పో. ఓటు మీద వాదన తర్వాత పెట్టుకో, ఎంత సేపైనా పెట్టుకో. ఆ పేరు మాత్రం వెనక్కి తీసుకో.

పోయిన పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. వాటికి పార్టీ గుర్తులు ఉండవు, అయినా పార్టీలు ఎట్లా నడుపుతాయో మనకు తెలుసు. ఈసారి మా వార్డు మనకు వస్తే నాయన వైపు నుంచి ఒకరు, చిన్నాయన వైపు నుంచి ఒకరు నిలబడతామంటున్నారు. ఇద్దరూ మా చర్చివాళ్లే. ఇద్దరూ ఆ ఆటోనే అడుగుతున్నారు. మావాడు ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదు. పింఛను రోజు మాత్రం ఎవరికీ ఇయ్యనని ముందే చెప్పేశాడు.