వేటకు హద్దు

విదురుడు ధృతరాష్ట్రునికి ఎంచి చెప్పిన ఏడు వ్యసనాలలో వేట ఒకటి. ప్రబంధకవులకు మాత్రం వేట కన్నులపండువు. మనుచరిత్రలో స్వరోచి వేటను, కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేటను తరగతిగదిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒకచోట దోషమన్న పనినే మరొకచోట వినోదమని వర్ణించారేమిటని ఏ చురుకైన విద్యార్థో అడిగేవాడు. "హద్దులో ఉంటే వినోదం, హద్దు మీరితే వ్యసనం నాయనా" అని సమాధానం చెప్పేవాణ్ణి. ఆ హద్దును మనుషులు ఎక్కడ గీసుకుంటారో కళ్లారా చూసే సందర్భం, ఉద్యోగవిరమణ తరువాత, 2023 జనవరిలో కలిగింది. అదీ మన అడవుల్లో కాదు, అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో, తొడలలోతు మంచులో. నేను శాకాహారిని. తుపాకి ముట్టలేదు. అయినా ఆనాడు నేను వేటకు వెళ్లడం ఒక తీర్పు చెప్పడం కోసం.

మా అబ్బాయి కుటుంబం సూ ఫాల్స్ నగరంలో ఉంటుంది. మనుమడికి అప్పటికి పద్నాలుగేళ్లు. వాడికి పొరుగింటి పెద్దాయనతోనూ, ఆయన రెండు వేటకుక్కలతోనూ మంచి చెలిమి. పిల్లలకు తుపాకి భద్రత నేర్పే తరగతికి వెళ్లి, పరీక్షలో నెగ్గి, తండ్రి అనుమతితో వాడు లైసెన్సు సంపాదించుకున్నాడు. మా కోడలికి అది బొత్తిగా ఇష్టం లేదు. పదిరోజులు ఇంట్లో మాటల్లేని పంతం నడిచింది. చివరికి ఆవిడ నా దగ్గరకు వచ్చి, "మామయ్యగారూ, మీరు ఒకసారి వెళ్లి చూసి రండి. మీరు కూడదంటే వాడు వింటాడు. ఫరవాలేదంటే నేనింక అడ్డుపడను" అన్నది. అలా ఆ భారం నా నెత్తిన పడింది.

వాళ్లు వేటాడేది ఫెజెంట్ అనే పక్షిని. దీనికి మన భాషలో వాడుకలో ఉన్న పేరు నాకు తెలిసి లేదు. నెమలికీ కోడికీ జ్ఞాతి. పుంజు మహా అందగాడు. పచ్చని నిగనిగల తల, కంటిచుట్టూ ఎర్రని తోలు, మెడకు తెల్లని పట్టె, రాగిరంగు ఒళ్లు, మూరెడు తోక. పెట్ట మాత్రం ఎండుగడ్డి రంగులో, గడ్డిలో కూర్చుంటే కనబడకుండా ఉంటుంది. చిత్రమేమంటే ఇది ఆ దేశపు పక్షి కాదు. షాంఘైలో అమెరికా రాయబార ఉద్యోగిగా ఉన్న ఓవెన్ డెనీ 1881లో కొన్నింటిని ఓడలో ఓరెగాన్‌కు పంపితే చాలావరకు దారిలోనే చనిపోయాయి. 1882లో పంపినవి బతికి బట్టకట్టాయి. సౌత్ డకోటాలో 1908-09 ప్రాంతంలో స్పింక్ కౌంటీలో వదిలినవి నిలదొక్కుకుని, పదేళ్లు తిరిగేసరికి వేటకు అనుమతించేటంతగా పెరిగాయి. 1919లో ఒకే ఒక్కరోజు, ఆ ఒక్క కౌంటీలో, మొదటి వేట జరిగింది. 1943లో ఈ వలసపక్షినే తమ రాష్ట్రపక్షిగా ప్రకటించుకున్నారు. సముద్రం దాటి వెళ్లి అక్కడ వేళ్లూనుకున్న మన పిల్లలు గుర్తుకు రాక మానరు.

మేము వెళ్లింది ఆ స్పింక్ కౌంటీకే. అక్కడ పొరుగాయన బావమరిదికి పొలాలున్నాయి. చీకటితో బయలుదేరి ఉత్తరంగా ప్రయాణించాం. 2022 డిసెంబరులో వరుసగా వచ్చిన మంచు తుపానుల వల్ల దారి పొడవునా కంచెలు గుంజల దాకా మునిగి ఉన్నాయి. కారులో మనుమడు నాకు నియమాలు అప్పజెప్పాడు. పుంజులనే కొట్టాలి, పెట్టల జోలికి పోకూడదు. మనిషికి రోజుకు మూడు. ఉదయం పది గంటలకు ముందుగానీ, సూర్యాస్తమయం తరువాతగానీ తుపాకి పేల్చకూడదు. చంపిన పక్షిని శుభ్రం చేసి తీసుకువెళ్లేటప్పుడు అది పుంజేనని రుజువుగా తలో, కాలో, రెక్కో వదిలి ఉంచాలి. పుంజులనే ఎందుకని అడిగాను. ఒక పుంజు అనేక పెట్టలతో జత కడుతుందట, కాబట్టి కొన్ని పుంజులు పోయినా వసంతంలో గుడ్లకు లోటు రాదట. వ్యాకరణసూత్రంలా తడుముకోకుండా చెప్పాడు.

అక్టోబరు మూడవ శనివారం మొదలయ్యే వేట 2020 నుండి జనవరి నెలాఖరు వరకు సాగుతోంది. అక్టోబరులో పక్షులు అమాయకంగా ఉంటాయి, మనుషులు గుంపులుగా వస్తారు. జనవరికి మనుషులు పలుచబడతారు. మిగిలిన పక్షులు బాగా గడితేరి ఉంటాయి. కారు తలుపు చప్పుడైతే చాలు, అవతలి గట్టున లేచిపోతాయి. అందుకే పొలం దగ్గర దిగినప్పుడు ఎవరూ తలుపు విసురుగా వేయలేదు. సైగలే గాని మాటలు లేవు. పూజగదిలో కూడా అంత నిశ్శబ్దం నేను చూడలేదు.

ఆ మంచులో పక్షులకు దిక్కు జమ్ము. మన కొల్లేటిలో పెరిగే జమ్ము వంటిదే అక్కడి నీటిమడుగుల్లోనూ దట్టంగా పెరుగుతుంది. చలికాలంలో మడుగు గడ్డకట్టి రాయి అవుతుంది. జమ్ము కంకులు వంగి, వాటిపై మంచు కప్పుగా పేరుకుని, అడుగున గదుల వంటి ఖాళీలు ఏర్పడతాయి. గాలి చొరని ఆ గదుల్లో పక్షులు ముడుచుకుని ఉంటాయి. మనిషి పక్కనుంచి నడిచి వెళ్లినా కదలవు. అక్కడే కుక్క కావాలి.

కుక్కలు రెండు. ఒకటి జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ జాతిది, పొట్టి వెంట్రుకలది కావడంతో దానికి ఛాతీకి చలికోటు తొడిగారు. రెండవది టెస్ అనే నల్ల లాబ్రడార్. పాయింటర్ గాలికి ఎదురుగా అటూ ఇటూ తిరుగుతూ వాసన తగలగానే నిలిచిపోతుంది. ఒక ముందరికాలు పైకెత్తి, తోక చాచి, ఊపిరి కూడా బిగబట్టి శిల్పంలా నిలుస్తుంది. యజమాని వచ్చేదాకా అలాగే ఉంటుంది. టెస్ పద్ధతి వేరు. అది జమ్ములోకి దూకి పక్షిని లేపుతుంది, పడినదాన్ని వెదికి తెచ్చి చేతికిస్తుంది. ఆ మంచులో అది నడవలేదు, ఈదింది. ముందుకు ఎగిరి, మునిగి, మళ్లీ ఎగిరి, ఒక్కొక్కసారి చెవుల దాకా మంచులో తల దూర్చి వాసన చూసేది. పొరుగాయన బూట్లు పడిన గుంటల్లోనే కాళ్లు పెడుతూ నేను వెనుక నడిచాను.

మొదటి పక్షి లేచినప్పుడు మంచు పేలినట్లయింది. నా గుండె ఆగినంత పని అయింది. "పెట్ట!" అని ముగ్గురూ ఒకేసారి అరిచారు, మూడు తుపాకులూ నేలచూపు చూశాయి. తరువాత లేచినది పుంజు. కొక్కరిస్తూ లేచింది, పొరుగాయన తుపాకి మోగింది, రాగిరంగు పక్షి తెల్లని నేలమీద పడింది. ఆ అందం ఒక్క క్షణంలో మాంసమైపోవడం చూసి నాకు కడుపులో కలుక్కుమన్నది. దాన్ని దాచను. కవులు వర్ణించేటప్పుడు ఛందస్సు మనకూ ఆ చావుకూ మధ్య తెరగా ఉంటుంది. ఇక్కడ ఆ తెర లేదు.

మూడవది మనుమడి ముందు లేచింది. వాడు తుపాకి భుజానికి ఎత్తాడు. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు, కింద మంచు కళ్లు చెదరగొడుతున్నది. పక్షి కొక్కరించలేదు. పెట్టో పుంజో నల్లని నీడలాగే కనిపించింది. వాడు తుపాకి దించేశాడు. పక్షి పక్కకు తిరిగి ఎండపడేసరికి పొడవాటి తోక, తెల్లని పట్టె బయటపడ్డాయి. పుంజే! అప్పటికి దూరమైపోయింది. వాడి ముఖం చిన్నబోయింది. పొరుగాయన దగ్గరికి వచ్చి వాడి భుజం తట్టి, "ఈరోజు ఇంతవరకు జరిగిన వాటిలో ఇదే మంచి పని" అన్నాడు. మా అబ్బాయి ఏమీ అనలేదుగాని, చేతితొడుగు తీసి కళ్లు తుడుచుకున్నాడు. చలికే అనుకుంటాను.

మధ్యాహ్నం ఒక పుంజు రెక్క విరిగి పడింది. పడినచోటికి వెళ్లి చూస్తే గుంట ఉన్నది, పక్షి లేదు. మంచు అడుగున పరుగెత్తిపోయింది. అక్కడితో వేట ఆగింది. తుపాకుల్లోంచి తోటాలు తీసేశారు. ఎదురుగా మరో పుంజు లేచినా ఎవరూ పట్టించుకోలేదు. టెస్ ఆ గుంట దగ్గర మొదలుపెట్టి, ముక్కు నేలకానించి, తవ్వుతూ, ఆగుతూ, వెనక్కి వస్తూ ఇరవై నిమిషాలు వెదికింది. ఆఖరికి గట్టువార జమ్ముదుబ్బులో భుజాల దాకా దూరి పక్షిని పట్టి తెచ్చింది. పొరుగాయన వెంటనే దాని బాధ తీర్చాడు. కుక్క లేకపోతే ఆ పక్షి రాత్రంతా గడ్డకడుతూ చచ్చేదని మనుమడు నాతో మెల్లగా చెప్పాడు. వేటకుక్క అంటే చంపడానికి సాయపడేదని అనుకుంటాం. ఆనాడు టెస్ చేసినది, మనిషి సగంలో వదిలిన పాపాన్ని వెదికి పట్టుకుని ముగింపు చేయించడం.

ఆ వెదుకులాటలో టెస్ కాలివేళ్ల మధ్య మంచు గట్టిపడి ఉండలు కట్టింది. కుంటుతూ వచ్చింది. ఆ పెద్దాయన మంచులో కూలబడి, చేతితొడుగులు విప్పి, ఒక్కొక్క పాదాన్ని రెండు అరచేతుల్లో పట్టుకుని నోటి ఆవిరితో ఉండలు కరిగించాడు. నాలుగు పాదాలయ్యేసరికి ఆయన వేళ్లు కందిపోయాయి. ఆదిపర్వంలో, తప్పుచేయని తన బిడ్డను కొట్టారని జనమేజయుణ్ణి నిలదీసిన దేవశుని సరమ ఈ దృశ్యం చూస్తే కొంత శాంతించేదనిపించింది.

ఎండ వాలుతుండగా చివరి మడుగుకు చేరాం. అది అన్నిటికన్నా పెద్దది, పక్కనే కోయకుండా వదిలిన మొక్కజొన్న. అంచున మంచుమీద పక్షుల అడుగులు ముగ్గులు వేసినట్లున్నాయి. చుట్టుపక్కల చిన్న మడుగులన్నీ మంచుతో పూడిపోవడంతో ఆ ప్రాంతపు పక్షులన్నీ అక్కడికే చేరాయన్నమాట. ముగ్గురికి కలిపి తొమ్మిది పుంజులు కొట్టవచ్చు, అప్పటికి నాలుగే వచ్చాయి. లోపలికి వెళితే మిగిలిన అయిదూ దొరకడం ఖాయం. పొరుగాయన కాసేపు నిలబడి చూసి, పాయింటర్‌ను వెనక్కి పిలిచాడు.

బావమరిది ఒప్పుకోలేదు. ఆయన వాదం బలమైనదే. "మనం కొట్టేది పుంజులను. పెట్టలు లేచినా మళ్లీ వాలుతాయి. కొయోటీలు రాత్రి వచ్చి లేపవా? అసలు ఈ పక్షులు తగ్గేది మన తుపాకుల వల్ల కాదు, గడ్డి దున్నేయడం వల్ల" అన్నాడు. ఇందులో నిజమున్నది. 1985లో అక్కడి ప్రభుత్వం, పంట వేయకుండా గడ్డి పెంచిన రైతుకు ఏటా సొమ్ము చెల్లించే పథకం ప్రారంభించింది. ఆ గడ్డి పెరిగినచోట పక్షి పెరిగింది, దున్నినచోట తరిగింది. ఈ మడుగును పూడ్చకుండా, ఆ మొక్కజొన్న కోయకుండా నిలిపినదీ ఆ బావమరిదే. పక్షులకు తిండీ నీడా ఇచ్చినవాడు మాట్లాడుతున్నాడు, వినవలసినదే.

పొరుగాయన జవాబు చిన్నది. "గాలి లేస్తున్నది. ఇప్పుడు వీటిని ఇందులోంచి తోలితే చీకటిలోగా మరో చోటు దొరకదు. బయట గడిపిన పెట్ట రేపు లేవకపోవచ్చు. చట్టం నన్ను పొమ్మంటున్నది, నేనే పోను." వాళ్లు అంతకుమించి వాదించుకోలేదు. తుపాకులు విప్పి సంచుల్లో పెట్టారు. ఎవరు సరైనవారో తేల్చే శాస్త్రం నా దగ్గర లేదు. కాని చట్టం గీసిన గీతకు ఇవతల మరొక గీత ఉండగలదనీ, దాన్ని ఎవరికివారే గీసుకోవాలనీ పద్నాలుగేళ్ల పిల్లవాడు అక్కడ నిలబడి విన్నాడు. అది నేను తరగతిలో చెప్పగలిగిన పాఠం కాదు.

పక్షులను శుభ్రం చేసేటప్పుడు మెడదగ్గరి తిండిసంచి కోసి చూపించారు. నిండా మొక్కజొన్న గింజలు. మనుమడు ఆ గింజలను చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

రాత్రి ఇల్లు చేరాక కోడలు నా ముఖం వంక చూసింది. "అమ్మా, చంపడం నాకు నచ్చలేదు, ఎప్పటికీ నచ్చదు. కాని వాడు ఇవాళ అనుమానం వచ్చి తుపాకి దించాడు. గాయపడినదాన్ని వదిలి ముందుకు పోకూడదని నేర్చుకున్నాడు. ఇంకా చాలా ఉందని తెలిసీ వెనుదిరగడం చూశాడు. ఆ పెద్దాయన వెంట వెళ్లినంతకాలం పంపించు. ఒంటరిగాగానీ, ఈడువాళ్లతోగానీ వద్దు" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "సరే మామయ్యగారూ, కానీ తుపాకి మాత్రం మన ఇంట్లో ఉండకూడదు" అన్నది. తన గీత తాను గీసుకున్నది. మనుమడు ఒప్పుకున్నాడు. ఆ తుపాకి నేటికీ పొరుగింటి బీరువాలోనే ఉన్నది.

చివరగా మిత్రులకు ఒక మనవి. పాయింటర్ వాసన పట్టి కదలక నిలబడడాన్ని తెలుగులో ఏమనాలి? 'నిలుపు' అనుకున్నాను, తృప్తి కలుగలేదు. దాగిన పక్షిని లేపడానికి, పడినదాన్ని తెచ్చి చేతికివ్వడానికి కూడా సంస్కృతం కలవని మాటలు కావాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం తరువాత వేట ఆగింది, ఆగడం మంచిదే. కాని దానితోపాటు వేటగాళ్ల పలుకుబడి కూడా కనుమరుగవుతున్నది. మీ ఊళ్లో ఒకప్పుడు కుక్కలతో వేటకు వెళ్లిన వృద్ధులెవరైనా ఉంటే అడిగి, ఆ మాటలు ఇక్కడ రాయండి. నిఘంటువులో లేకపోయినా ఫరవాలేదు.