ఒడ్డున సంచుల దగ్గర

ఎక్కడికైనా ప్రయాణం అనుకోగానే మా ఇంట్లో అందరూ సెలవులు చూసుకుంటారు. నేను నా తేదీ చూసుకుంటాను. 2023 వేసవిలో, పిల్లల పరీక్షలయ్యాక ఒక శని, ఆదివారాలు గడపడానికి వరంగల్ రోడ్డులో ఒక రిసార్టుకి పోదామని మా ఆడపడుచు ఫోన్ చేసినప్పుడు కూడా అంతే. అందులో వాటర్ పార్కు ఉంది, ఎండ తగలకుండా పైకప్పు కింద మరో కొలను ఉంది. రాత్రికి అక్కడే ఉండి ఆదివారం పొద్దున్నే యాదగిరిగుట్ట దర్శనం చేసుకుని రావడం. ఆమె చెబుతూనే ఉంది, నేను వంటింటి గోడ మీది కేలెండరు కేసి చూస్తున్నాను. నా తేదీ సరిగ్గా ఆ శనివారమే.

బుధవారం కాలేజీ నుంచి వస్తూ హబ్సిగూడలో ఆగి గోళీలు కొన్నాను. షాపు కుర్రాడు చీటీ అడగలేదు. బీపీ ఉందా, తలనొప్పి వస్తుందా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బు ఉందా అని ఒక డాక్టరు తప్పకుండా అడగాల్సిన ప్రశ్నలేవీ అతను అడగడు. రెండు స్ట్రిప్పులు కాగితంలో చుట్టి, నా ముఖంలోకి చూడకుండా ఇచ్చాడు. నెలసరిని వాయిదా వేసే ఆ హార్మోను గోళీలని మూడు రోజుల ముందు నుంచి రోజుకి మూడు చొప్పున మింగాలి. మానేసిన రెండు మూడు రోజులకి అన్నీ కలిపి వడ్డీతో సహా మొదలవుతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఎన్నిసార్లు మింగానో ఆ రాత్రి లెక్కపెడితే పదకొండు గుర్తొచ్చాయి. రెండు గృహప్రవేశాలు, తిరుపతి మూడుసార్లు, మరిది పెళ్లి, మామయ్య పదో రోజు... మిగతావి ఎందుకో మరిచిపోయాను. స్త్రీల శరీరం మీద ఎవరి అధికారం అంటూ క్లాసులో గంటసేపు పాఠం చెప్పిన రోజు కూడా నా హ్యాండ్‌బ్యాగులో ఆ స్ట్రిప్పు ఉంది.

ఇక ప్రయాణపు పని. పులిహోర, సకినాలు, పిల్లల తువ్వాళ్లు, అత్తమ్మ షుగరు గోళీలు, తడిబట్టలకి ప్లాస్టిక్ సంచులు. మా ఆయన కారు తుడిపించాడు. ఇద్దరం సమానంగా అలసిపోయామని ఆయన ఉద్దేశం. నాచారం నుంచి బయల్దేరి, ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 2018లో మొదలుపెట్టి సగంలో నిలబెట్టిన ఫ్లైఓవరు స్తంభాల మధ్య దుమ్ము తింటూ ఘట్‌కేసర్ దాటేసరికి పదకొండయింది.

నీళ్ల కోసం డబ్బు పెట్టి ఊరు దాటి వెళ్లడం నాకింకా వింతగానే ఉంటుంది. 2001లో నేను కాపురానికొచ్చినప్పుడు మా వీధికి ట్యాంకరు వచ్చేది. ఉప్పల్ అప్పటికింకా వేరే మున్సిపాలిటీ. నగరంలో కలిసింది 2007లో. ట్యాంకరు హారన్ వినగానే చేతిలో పని వదిలేసి డ్రమ్ము దొర్లించుకుంటూ పరిగెత్తేవాళ్లం. పైపు కోసం కొట్లాడుకునేవాళ్లం, మోసుకునేవాళ్లం. పక్కనే పారిశ్రామికవాడ, దాని రంగునీళ్లు దిగిన నాచారం చెరువు. కాస్త అవతల నురగ కక్కే మూసీ. సద్దుల బతుకమ్మ నాడు నల్లచెరువు గట్టు మీద చప్పట్లు కొట్టి తిరిగేది మేమే. నీళ్లలో దిగి బతుకమ్మను సాగనంపేది మాత్రం మా వాడ మగపిల్లలు. ఇన్నేళ్లుగా నీళ్లు మోశాను, పట్టాను, కాచాను, వడకట్టాను. నీళ్లలో ఒళ్లు తేలడం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలు ఏటా చలికాలంలో పిల్లల్ని గ్రేప్‌వైన్‌లో ఇలాంటిదానికే తీసుకుపోతుంది. బయట మంచు పడుతుంటే లోపల వెచ్చటి నీళ్లలో జారుడుబల్లలు. విస్కాన్సిన్ డెల్స్ అనే ఊళ్లో, చలికాలమంతా ఖాళీగా పడుండే హోటళ్లు నిండాలని 1990లలో నీళ్ల మీద ఇళ్లకి మల్లే కప్పులు వేయడంతో ఈ పద్ధతి పుంజుకుంది. మన దగ్గరికొచ్చేసరికి అదే కప్పు ఎండని ఆపుతోంది. రావిర్యాలలో 2016లో పెద్ద వాటర్ పార్కు వచ్చాక ఊరి చుట్టూ చిన్నవీ పెద్దవీ చాలా లేచాయి. మేం వెళ్లింది వాటిలో ఒక చిన్నది. కప్పు కింది కొలనులో అడుగుపెట్టగానే కళ్లు మండేంత వాసన. అది క్లోరిన్ ఎక్కువై వచ్చే వాసన కాదని, క్లోరిన్ మనుషుల చెమటతో, మూత్రంతో కలిసినందువల్ల వస్తుందని తెలిసిన దాన్ని కాబట్టి ముక్కు మూసుకున్నాను.

గేటు దగ్గరే బోర్డు. నూలు బట్టలతో నీళ్లలోకి రానివ్వరు. చీర, చుడీదారు, చున్నీ పనికిరావు. నూలు పోగులు ఫిల్టర్లలో ఇరుక్కుంటాయి, చున్నీలు జారుడుబల్లల్లో చిక్కుకుంటాయి. కారణం న్యాయమైనదే. కౌంటరులో నైలాన్ ప్యాంటు, టీషర్టు అద్దెకి దొరుకుతాయి. అందరూ తెచ్చుకుని మార్చుకున్నారు. నేను బెంచీ మీద సంచుల పక్కన కూర్చున్నాను. ఏడు ఫోన్లు, నాలుగు పర్సులు, ఆడపడుచు నల్లపూసలు, మా ఆయన కళ్లద్దాలు.

"లాకర్లున్నాయి కదమ్మా" అంది మా అమ్మాయి. బంగారాన్ని లాకర్లో ఎలా పెడతామన్నాను. అది అబద్ధం. ఉప్పల్లో పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఆ గుంపులో నా విద్యార్థి ఎవడో ఒకడు ఉండకపోడు. తడిసిన నైలాన్ అంటుకున్న నా పొట్టనీ పిరుదుల్నీ వాడు చూస్తాడని భయం. పిల్ల నన్ను కాసేపు చూసి, "దిగనప్పుడు ఆ గోళీలెందుకు మింగావ్?" అని అడిగింది. స్ట్రిప్పు ఎప్పుడు చూసిందో. రేపు గుడికి పోవాలి కదా అన్నాను. "నువ్వు దేవుణ్ణి నమ్మవు కదా" అని, జవాబు కోసం ఆగకుండా పరిగెత్తుకెళ్లిపోయింది.

అత్తమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. అరవై ఎనిమిదేళ్లు. వలిగొండ దగ్గర పల్లెలో పుట్టింది. చీర తప్ప మరో బట్ట కట్టి ఎరగదు.

"మా అన్నలు సొరకాయ బుర్ర నడుముకు కట్టుకొని మోటబావిల దుంకెటోళ్లు బిడ్డా. నేను గడ్డ మీద ఆళ్ల బట్టలకు కావలి. ఆడిపిల్లకు ఈతెందుకనేటోళ్లు" అంది. కాసేపు ఊరుకుని, "ఆ బట్టలు ఎంతకిస్తున్రు?" అని అడిగింది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మెడలో గొలుసు తీసి నా చేతిలో పెట్టింది.

పదిహేను నిమిషాల తర్వాత నల్ల ప్యాంటు, నీలం టీషర్టుతో, జుట్టు ముడి నైలాన్ టోపీలో దోపుకుని బయటికొచ్చింది. మా ఆయన చూసి, "ఇదేందమ్మా?" అని చప్పున తల తిప్పుకున్నాడు. "గిదేస్తెనే లోపటికి రానిస్తరట" అని ఆయన పక్కనుంచే నడిచిపోయింది.

అలల కొలనులో సైరన్ మోగగానే జనం అరుపులు. అలలు వచ్చేటప్పుడు ఆడవాళ్లు చేతులు పట్టుకుని వలయంలా నిలబడతారు. బతుకమ్మ ఆడేటప్పటి వలయమే. కానీ ఇక్కడ అది ఆట కోసం మాత్రమే కాదు. నీళ్ల అడుగున తగిలిన చెయ్యి ఎవరిదో పట్టుకోలేం. మా ఆడపడుచు కూతురు ఇంటర్ చదువుతోంది. రెండో సైరన్‌కి బయటికొచ్చేసి, ఏమైందని అడిగితే "ఏం లేదత్తా" అని తువ్వాలు కప్పుకుంది. కావలివాడి దగ్గరికి వెళ్లి చెప్పాను. "గుంపులో కామనే మేడం" అన్నాడు. ఆ పిల్ల మళ్లీ నీళ్లలోకి దిగలేదు. కుటుంబాలు సరదాగా గడిపే చోటు అని రాసిన బోర్డు కిందే కూర్చున్నాం ఇద్దరం.

అత్తమ్మ మాత్రం మనవరాలి చెయ్యి పట్టుకుని నడుంలోతు దాకా పోయింది. అల వచ్చి మింగింది. నేను లేచి నిలబడిపోయాను. ఆమె దగ్గుతూ, ముఖం తుడుచుకుంటూ పైకి లేచింది. ఒడ్డుకి వస్తుందనుకున్నాను. మరో రెండడుగులు లోపలికి వేసింది.

ఆ రాత్రి గదిలో మా అమ్మాయికి మొదలైంది. ఆడపడుచు గొంతు తగ్గించి, "వదినా, ఈసారి నుంచి దానికి గూడ రెండు మూడు గోళీలు ముందే ఇయ్యరాదు? ప్రయాణం కరాబు కాకుండ ఉంటది" అంది. ఆమెది చెడ్డ ఉద్దేశం కాదు. నాకు నా అత్తవారింట్లో మొదటిసారి ఆ గోళీల సంగతి చెప్పిందీ ఆమే. ఎంతో సాయం చేసిందనుకున్నాను అప్పట్లో. "దానికొద్దు" అన్నాను. నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. ఎందుకొద్దో చెప్పలేకపోయాను. చెప్పాలంటే నా పదకొండు, ఇప్పుడు పన్నెండు, వాటి గురించి చెప్పాలి. అత్తమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోలేదని తెలుస్తోంది.

పొద్దున్నే చివరి గోళీ మింగాను. గుట్ట కింద కారు ఆపాం. పైకి బస్సులో పోవాలి. పిల్ల కారులో ఉంటుందని ఎవరూ అనకుండానే అందరికీ తెలుసు. అత్తమ్మ కూడా దిగలేదు. "లైన్ల నిలబడలేను బిడ్డా, మోకాళ్లు గుంజుతున్నయి. మీరు పోయి రాండ్రి" అంది. 2022లో గుడి మళ్లీ తెరిచినప్పటి నుంచి ఎప్పుడు తీసుకుపోతారని అడుగుతున్న మనిషి. నిన్నంతా నీళ్లలో నిలబడ్డ మోకాళ్లు, నిజంగానే గుంజుతుండవచ్చు. నేను అడగలేదు.

రెండు గంటలు లైన్లో నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ కారు తలుపులు తెరుచుకుని, వేపచెట్టు నీడన, పిల్ల ఫోనులో వీడియో చూస్తున్నారు. "మల్ల పెట్టు" అంటోంది అత్తమ్మ. "ఆగు, ఈడ నేను మునిగిన." నేనిచ్చిన పులిహోర పొట్లాన్ని చూడకుండానే అందుకుంది.

మంగళవారం ఇన్విజిలేషన్ డ్యూటీలో ఉండగా నాకు మొదలైంది. మామూలుకంటే చాలా ఎక్కువగా. పరీక్ష అయ్యేదాకా కూర్చోవడానికి లేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాను. రెండో స్ట్రిప్పులో ఏడు గోళీలు మిగిలాయి. అవి నా బీరువాలో, చీరల కింద ఉన్నాయి. పారేయాలి.