గాటు మానే దారి

కోనసీమలో కొడవలి పట్టి వరి కోసిన చేతుల్లో గాటు మచ్చ లేని చెయ్యి అరుదు. వేలు తెగిన నిమిషాల్లోనే ప్లేట్‌లెట్లు గుమిగూడి నెత్తురు గడ్డకట్టిస్తాయి. వెనకే తెల్లకణాలు వచ్చి సూక్ష్మజీవులను మింగుతాయి. ఆ వాపూ సలుపూ వాటి పనే. ఆ సలుపంటే నాకు గౌరవం. పక్కు కింద కొత్త కణాలు, సన్నని రక్తనాళాలు, కొల్లాజెన్ పోగులు పుట్టుకొస్తాయి. కణం చీలడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి, శక్తికి ఏటీపీ కావాలి. ఏటీపీని గుర్తించినవారిలో ఒకరు, 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు, 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మన గోదావరి పిల్లలందరికీ ఆయన కథ చెప్పాలి. మచ్చ నెలల తరబడి గట్టిపడుతుంది. అయినా పాత చర్మపు బలంలో సుమారు 80 శాతం దాటదు. కుట్లు విప్పగానే ధాన్యం బస్తాలు మోయించకండి.